దెయ్యం సినిమాలు పదిమందిమి కలిసే చూద్దాం

కాస్త పెద్ద పోస్టు. బస్సులో కూచున్నప్పుడో, రాత్రి మెస్ అయిపోయాకనో తీరిగ్గా చదవండి.

శనివారం రాత్రులు మేం పది పన్నెండు మందిమి ఆన్‌లైన్‌లో కలిసి దెయ్యం సినిమాలూ, ఎవరూ పట్టించుకోని పాత చవకబారు సినిమాలూ చూస్తామని ఈ గ్రూపులో చాలామందికి తెలుసు. ఆ సంగతి ఇక్కడ పెట్టినప్పుడు ఒక అన్న, మన సంఘంలో ఎన్నో ఏళ్ళు తిరిగిన మనిషి, ఫోన్ చేసి నిలదీశాడు. "ఒరే తమ్ముడూ, చిల్లంగి పెట్టిందని ముసలమ్మని కొట్టి చంపే ఊళ్ళు ఇంకా ఉన్నాయి మనకి. చదువుకున్నోళ్ళు మీరే రాత్రిపూట కూచుని దెయ్యాల సినిమాలు చూస్తే, రేపు ఊళ్ళోకి పోయి ఇదంతా అబద్ధం అని ఏ మొహంతో చెప్తార్రా?" అన్నాడు.

ఇది ఊరికే కొట్టిపారేసే ప్రశ్న కాదు. నాలుగు మాటల్లో తేలేదీ కాదు. అందుకే ఇంత రాస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: చూడాలి. ఒంటరిగా చెవుల్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని, దుప్పటి ముసుగేసుకుని కాదు. పదిమందితో, మాట్లాడుకుంటూ, అవసరమైతే ఆపుకుంటూ చూడాలి. మిగతా వాళ్ళకంటే మనం ఇంకా ఎక్కువ చూడాలి. ఎందుకో చెప్తా.

ముందు మేం ఎట్లా చూస్తామో చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇదేదో పెద్ద సెటప్ అనుకుంటున్నారు. మా బ్యాచ్ అంతా ఒకే ఆశ్రమ పాఠశాల. ఇప్పుడు ఒకరు హైదరాబాద్‌లో కోచింగ్, ఇద్దరు విశాఖలో పీజీ, ఒక చెల్లి ఖమ్మంలో నర్సింగ్, మరో ఇద్దరు శబరి ఒడ్డున ఊళ్ళోనే పోడు చేసుకుంటున్నారు. అందరికీ రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకే. స్క్రీన్ షేర్ పెట్టి రెండు గంటల సినిమా వేస్తే ఊళ్ళో ఉన్నోళ్ళకి బొమ్మ గడ్డకట్టిపోతుంది. డబ్బు కట్టి చూసే యాప్‌లైతే షేర్ పెట్టగానే నల్ల తెర తప్ప ఏమీ రాదు, అది వాళ్ళ తాళం. అందుకని మేం ఏం చేస్తామంటే, అమెరికాలో కాపీరైట్ లేకుండా పోయిన పాత సినిమాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి కదా, వాటిని వారం ముందే చిన్న సైజులో దించుకుంటాం. వైఫై ఉన్నోడు దించి టెలిగ్రామ్‌లో పెడతాడు. ఊళ్ళో ఉన్నోళ్ళు సంతకి వచ్చినప్పుడు సిగ్నల్ దగ్గర తీసుకుంటారు. శనివారం తొమ్మిదింటికి అందరం మీట్‌లోకి వస్తాం, వీడియో ఆపేసి మాట మాత్రమే. ఎవరి ఫోన్లో వాళ్ళ ఫైలు. "మూడు, రెండు, ఒకటి, నొక్కు" అని ఒకరు అరుస్తారు. అంతే. మాటకి అయ్యే డేటా ఎంతో కాదు. ఒకడు వెనకబడితే "నాది ఇంకా తలుపు తెరుచుకోలే, ఆగండి" అంటాడు, అందరం ఆగుతాం. గోదావరి పొంగే నెలల్లో కరెంటూ ఉండదు, టవరూ ఉండదు, ఆ శనివారాలు సెలవు.

ఇంగ్లీష్ అందరికీ రాదు. కాబట్టి ప్రతి వారం ఒకరు ముందే సినిమా చూసి వస్తారు, నడుస్తుంటే మాటలు తెలుగులో చెప్తారు. పోడు చేసుకునే తమ్ముడైతే కొన్ని డైలాగులు కోయలో చెప్తాడు. శ్మశానంలో తెల్లదొర గంభీరంగా ఏదో ఉపన్యాసం ఇస్తుంటే మనోడు దాన్ని సంతలో ఇప్పపువ్వు బేరం చేసి చెప్తాడు. నిజం చెప్పాలంటే, సగంమంది అతని కోసమే వస్తారు.

ఇది కొత్త పద్ధతి కూడా కాదు. పండగకి టీవీ, వీసీపీ అద్దెకి తెచ్చి, ఊరి మధ్యలో పెట్టి తెల్లవార్లూ మూడు సినిమాలు వేసిన రోజులు మన అన్నలకి బాగా గుర్తు. జగన్మోహిని (1978) చూసినోళ్ళని అడగండి. విఠలాచార్య సినిమా, జయమాలిని దెయ్యం. పొయ్యిలో కట్టెలకి బదులు తన కాళ్ళే పెట్టి వంట చేస్తుంది. ఒక్కరే చూస్తే అది భయం. ఊరంతా కూచుని చూస్తే ఒక ముసలాయన "కట్టెలకి అడివికి పోయే పని తప్పింది పిల్లకి" అంటాడు, ఊరంతా నవ్వుతుంది. నా వాదన సగం ఆ నవ్వులోనే ఉంది.

అమెరికాలోనూ ఇట్లాగే మొదలైంది. రాకీ హారర్ పిక్చర్ షో అని 1975లో ఒక సినిమా వచ్చింది, ఆడలేదు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఒక థియేటర్లో అర్ధరాత్రి ఆటలు వేయడం మొదలుపెట్టాక, జనం తెరకి ఎదురు జవాబులు చెప్తూ, వేషాలేసుకుని వస్తూ దాన్ని ఏళ్ళ తరబడి నడిపారు. సినిమా ఎవరిదన్నా కానీ, చూసే పద్ధతి చూసేవాళ్ళదే అని అర్థం.

మేం మొదట చూసింది ప్లాన్ నైన్ ఫ్రమ్ అవుటర్ స్పేస్. ఎడ్ వుడ్ అనే ఆయన 1950లలో తీశాడు. లోకంలోనే చెత్త సినిమా అని పేరు పడ్డది. డ్రాక్యులాగా పేరు పొందిన బేలా లుగోసీతో కొంచెం షూటింగ్ చేసి పెట్టుకున్నాడు, 1956లో ఆయన చనిపోయాడు. అయినా సినిమా ఆపలేదు! తన భార్యకి తెలిసిన ఎముకల డాక్టర్‌ని తెచ్చి, మొహానికి అడ్డంగా కోటు పట్టించి నడిపించాడు. ఆయనేమో లుగోసీ కంటే బాగా పొడుగు. సమాధిరాళ్ళు అట్టముక్కల్లా ఊగుతాయి. తలుపు దగ్గర పగలు, తలుపు దాటితే రాత్రి. ఎగిరే పళ్ళాలకి దారం కనిపిస్తుంది. "అన్నా, దారం! దారం చూడు!" అని మీట్‌లో ఒకటే గోల.

దారం కనబడ్డం చిన్న విషయం కాదండీ. మనలో చాలామంది ఆశ్రమ పాఠశాలలో చదివినోళ్ళమే. ఎప్పుడో ఒక ఏడాది "హాస్టల్లో దెయ్యం" అనే మాట పుట్టని హాస్టల్ ఉందా? ఎవరో అమ్మాయికి రాత్రి తెల్లచీర కనిపించిందంటారు. మర్నాడు ఇంకొకరు పడిపోతారు. మూడో రోజుకి పదిమంది. తల్లిదండ్రులు ఆటోలు కట్టుకుని వచ్చి పిల్లల్ని తీసుకుపోతారు. కొందరు తిరిగి వస్తారు, కొందరు రారు. రానివాళ్ళలో ఎక్కువ ఆడపిల్లలే. వచ్చే వేసవిలో పెళ్ళి కబురు వింటాం. చదువు పోయింది దెయ్యం వల్ల కాదు. రక్తహీనతతో కళ్ళు తిరిగిన పిల్లని డాక్టర్‌కి చూపించకుండా, లైటు లేని బాత్రూమ్‌కి లైటు పెట్టకుండా, పిల్లల భయాన్ని కూచోబెట్టి వినకుండా వదిలేసినందుకు. ఆ పిల్లలకి "దెయ్యాల్లేవు, నోర్మూసుకుని పడుకోండి" అని వార్డెన్ అరిస్తే భయం పోదు. భయాన్ని ఎట్లా తయారుచేస్తారో చూపిస్తే కొంచెం వదులవుతుంది. ముందు నిశ్శబ్దం, తర్వాత తలుపు కిర్రు, తర్వాత పిల్లి దూకడం, అందరూ హమ్మయ్య అనుకున్నాక అసలుది. మా చెల్లి, నర్సింగ్ చదివే ఆవిడ, నాలుగైదు సినిమాలయ్యాక లెక్కపెట్టి చెప్పడం మొదలుపెట్టింది, "ఇప్పుడు పిల్లి. ఇప్పుడు అద్దం." తొంభై శాతం కరెక్ట్. భయపడకుండా ఏం లేదు, భయపడుతుంది, కానీ ఎందుకు భయపడుతుందో తెలిసి భయపడుతుంది.

నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్‌లో రక్తం అని కనిపించేది చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమా కాబట్టి సరిపోయింది. ఆ ఒక్క ముక్క తెలిశాక మావాళ్ళు నరమాంసం తినే సీన్‌లో "నాక్కొంచెం ఐస్‌క్రీం మీద వెయ్యి" అన్నారు.

ఇప్పుడు అన్న అడిగిన దానికి వస్తా. ఆయన భయం దేని గురించంటే చిల్లంగి, చేతబడి, బాణామతి. ఒక్కో ప్రాంతంలో ఒక్కో పేరు, పని మాత్రం ఒకటే. ఊళ్ళో పిల్ల జ్వరంతో చనిపోతుంది. అది మలేరియానో ఇంకేమిటో ఎవరూ చెప్పరు, పీహెచ్‌సీకి పోదామంటే దారి లేదు. రెండో చావు జరిగేసరికి ఎవరి పేరో బయటికొస్తుంది. ఆ పేరు ఎప్పుడూ ఒంటరిగా ఉండే ముసలమ్మదో, మందులు తెలిసిన ముసలాయనదో, లేకపోతే ఎవరి భూమి మీద ఇంకొకరి కన్నుందో వాళ్ళదో. పక్క రాష్ట్రాల్లో దీనికి విడిగా చట్టాలున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లో 2005 నుంచి టోనహీ చట్టం ఉంది, ఒడిశాలో 2013 నుంచి ఉంది, మహారాష్ట్రలో కూడా 2013లోనే వచ్చింది. చింతూరు నుంచి సరిహద్దు దాటితే ఇటు ఒడిశా, అటు ఛత్తీస్‌గఢ్. మన చుట్టాలు అక్కడా ఉన్నారు, చట్టం సంగతి మన ఊళ్ళల్లోనూ చెప్పాలి. అది వేరే పోస్టు.

సినిమాకీ దీనికీ సంబంధం ఉందా? ఉంది. కానీ అన్న అనుకునే చోట లేదు. పాత రబ్బరు దెయ్యాల సినిమా చూసి ఎవడూ పక్కింటి ముసలమ్మని అనుమానించడు. ప్రమాదం బాగా తీసిన సినిమాల్లో ఉంది. విరూపాక్ష (2023) తీసుకోండి. నాకు నచ్చిన సినిమానే, చివరి దాకా కదలకుండా చూశాను. క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటని ఊరివాళ్ళు కట్టేసి తగలబెట్టడంతో కథ మొదలవుతుంది. చచ్చేముందు వాళ్ళు శాపం పెడతారు. తర్వాత ఊళ్ళో వరసగా చావులు. అంటే ఏమైంది? మంత్రం నిజం, శాపం నిజం. తగలబెట్టిన ఊరి తప్పు గురించి సినిమాకి పట్టింపు లేదని అనను, కానీ చూసి బయటికొచ్చిన మనిషి మనసులో మిగిలేది "అనుమానం నిజమే" అన్న ముక్క. మా ఊరి పొలిమేర (2021), దాని రెండో భాగం కూడా చేతబడి మీద నడిచినవే. టెక్నికల్‌గా మన ఎడ్ వుడ్ కంటే వెయ్యి రెట్లు మేలు. అందుకే నమ్మకం కలుగుతుంది. దారం కనిపించదు కదా.

వీటిని చూడొద్దని చెప్పట్లేదు. చూడొద్దంటే మన పిల్లలు మానేస్తారా? ఫోన్ ఉన్న ప్రతోడూ చూస్తాడు, ఒక్కడే చూస్తాడు. పక్కన అడిగేవాడు లేకుండా చూస్తాడు. అదే మాకు ఇబ్బంది. విరూపాక్ష గురించి మేం రెండు గంటల సినిమాకి మూడు గంటలు మాట్లాడుకున్నాం. ఒకడు అడిగాడు, "ఇదే కథ ఆ జంట ఏ పూజా చేయలేదు, ఊళ్ళో చావులు నీళ్ళ వల్ల అని తీస్తే ఎట్లుంటది?" అని. ఇంకొకడు "అప్పుడు దెయ్యం సినిమా కాదురా అది, మన ఊరి సినిమా" అన్నాడు. ఆ మాట మీద చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఇంకో సంగతి. తెలుగు సినిమాలో మంత్రగాడు అంటే ఎట్లుంటాడు? మెడలో ఎముకల దండ, చేతిలో పుర్రె, ఒళ్ళంతా బూడిద, నోట్లో అర్థంలేని అరుపులు. అడివిలో ఉంటాడు. అంటే మనోడే అన్నమాట! మనలో వడ్డె ఉన్నాడు, మేడారంలో సమ్మక్కని చిలకలగుట్ట నుంచి తెచ్చేది కోయ పూజారులే. పాడేరు వైపు దిసారి ఉన్నాడు, మంచిరోజు చూసేది, విత్తనం వేసే వేళ చెప్పేది ఆయనే. శ్రీకాకుళం, పార్వతీపురం కొండల్లో ఎజ్జోడు ఉన్నాడు, ఆదిలాబాద్ గోండుల్లో కటోడ ఉన్నాడు. ఒక్కొక్కరి పని వేరు, ఒక్కొక్కరి మర్యాద వేరు. సినిమావాళ్ళు నలుగుర్నీ ఒకే గోనెసంచిలో వేసి, ఒక పుర్రె చేతికిచ్చి "క్షుద్ర మాంత్రికుడు" అని పేరు పెట్టారు. పట్నంలో రూమ్ అద్దెకి అడిగినప్పుడు "మీవైపు చేతబడులు చేస్తారంట కదా" అని నవ్వుతూ అడిగే ఓనరు దీన్ని ఎక్కడ నేర్చుకున్నాడు? పాడేరు వచ్చి కాదు.

మన చనిపోయినవాళ్ళ సంగతి కూడా అంతే. దెయ్యం సినిమాలో చచ్చినోడు ఎప్పుడూ శత్రువే, తిరిగొస్తే పగ తీర్చుకోడానికే. మన ఇళ్ళల్లో కొత్తల పండక్కి కొత్తగింజ ముందు పెద్దలకి పెట్టాకే మనం నోట్లో వేసుకుంటాం. చచ్చిన తాత ఇంటికి రావడం మనకి భయం కాదు, రాకపోతే భయం. ఈ తేడా నాకు సినిమాలు చూడబట్టే అంత స్పష్టంగా తెలిసింది. ఇంట్లో ఉన్నంతకాలం అది అందరికీ ఉండేదే అనుకున్నా.

అసలు జాంబీ అనే మాట ఎక్కడిదో తెలిసినప్పుడు మా అందరికీ ఆశ్చర్యం. హైతీది. ఫ్రెంచివాళ్ళ చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు చచ్చేదాకా పనిచేసిన దేశం అది. వాళ్ళకి చావు అంటే ఒక విడుదల. చచ్చినా విడుదల లేకుండా, లేపి మళ్ళీ చేలో పనికి నిలబెడితే ఎట్లా అన్నది వాళ్ళ భయం. అదీ జాంబీ. మనుషుల్ని తినేది కాదు, జీతం లేకుండా, మాట లేకుండా పనిచేసేది. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం హైతీని ఆక్రమించుకుని కూచుంది. రోడ్లు వేయడానికి ఊళ్ళ మీద పడి జనాన్ని వెట్టికి పట్టుకుపోయారు. సీబ్రూక్ అనే అమెరికన్ 1929లో హైతీ మీద పుస్తకం రాశాడు, ఆ పుస్తకంతోనే జాంబీ మాట అమెరికా జనానికి బాగా ఎక్కింది. 1932లో వైట్ జాంబీ సినిమా వచ్చింది, ఇందాకటి బేలా లుగోసీయే అందులో మంత్రగాడు, చక్కెర మిల్లు యజమాని. ఆ మిల్లులో ఒక సీన్ ఉంది, తప్పకుండా చూడండి. చచ్చిన మనుషులు తలమీద బుట్టలతో వరసగా నడుస్తుంటారు, గానుగ తిప్పుతుంటారు. ఒకడు జారి గానుగలో పడిపోతాడు. ఎవరూ ఆగరు. కర్ర కిర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది.

దాన్ని చూసేటప్పుడు ఎవరూ జోకు వేయలేదు. గూడెం తాలూకాలో బాస్టియన్ అనే డిప్యూటీ తహశీల్దారు నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా రోడ్డు వేయించింది మన జనం చేత, కొట్టి, సరిగా కూలివ్వకుండా. గాం గంటం దొర, మల్లు దొర, అల్లూరి సీతారామరాజు తిరగబడింది 1922లో. అదే కాలంలో సముద్రాల అవతల హైతీలో కూడా రోడ్డు వెట్టి మీద జనం తిరగబడ్డారు. వాళ్ళ నాయకుడు షార్లమాన్ పెరాల్ట్‌ని 1919లో చంపి, శవాన్ని తలుపుకి కట్టి ఫోటో తీసి జనం భయపడాలని పంచారు. ఇక్కడ 1924 మేలో రామరాజుని కొయ్యూరులో చెట్టుకి కట్టి కాల్చారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టిన పుస్తకం నేను చదవలేదు. ఒక పాత దెయ్యం సినిమా చూసి, ఇదేంటి అని వెతికితే దొరికింది. మన విద్యార్థులకి ప్రపంచ చరిత్ర ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో సిలబస్ వేసేవాళ్ళకి తెలియదు గాని, లుగోసీకి తెలుసన్నమాట!

చూడం అని తేల్చుకున్న సినిమాలు కూడా ఉన్నాయి. కానిబాల్ హోలోకాస్ట్ (1980) అని ఇటలీ సినిమా, కల్ట్ సినిమాల జాబితాలన్నిట్లో ఉంటుంది. అమెజాన్ అడివిలో తీశారు. నిజంగా జంతువుల్ని చంపి తీశారు, తాబేలుతో సహా. చంపినట్టు చూపించిన నటుల్ని నిజంగానే చంపేశారేమో అని డైరెక్టర్ మీద కేసు పెడితే, వాళ్ళు బతికే ఉన్నారని చూపించుకోవాల్సి వచ్చింది. ఈ గొడవ అంతా అందరికీ తెలుసు. తెలియంది ఏందంటే, ఆ సినిమాలో మనుషుల్ని తినే తెగలకి పెట్టిన పేర్లు కల్పితం కాదు. యానోమామో అనేవాళ్ళు నిజంగా ఉన్నారు, బ్రెజిల్, వెనెజులా సరిహద్దు అడవుల్లో. సినిమా వాళ్ళని నరమాంస భక్షకులుగా చూపించిన కొన్నేళ్ళకే వేలకొద్దీ బంగారం తవ్వేవాళ్ళు వాళ్ళ అడివిలోకి చొరబడి నదుల్లో పాదరసం కలిపారు, మలేరియా, ఇతర జబ్బులు తెచ్చారు. ఎందరో చనిపోయారు. బ్రెజిల్ ప్రభుత్వం వాళ్ళ భూమికి హద్దులు గుర్తించింది 1992లో. ఎవరు ఎవర్ని తిన్నారు చెప్పండి. ఆ సినిమా గురించి మేం ఒక శనివారం అంతా మాట్లాడుకున్నాం, సినిమా మాత్రం వేయలేదు. మాలో ఒకరిద్దరు "చూడకుండా తిట్టడం ఏంటి" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే. నా జవాబు: తాబేలుని చంపింది చూడ్డానికి నాకు రెండు గంటలు లేవు, పైగా ఆ సినిమా మన కోసం తీసింది కాదు, మనల్ని చూపించి వేరేవాళ్ళని భయపెట్టడానికి తీసింది.

మరి ఎవరి కోసం తీసింది చూడాలి? ఒక్కటే చెప్పమంటే నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ చెప్తా. జార్జ్ రొమెరో, 1968. పిట్స్‌బర్గ్ చుట్టుపక్కల మిత్రులు డబ్బులేసుకుని తీసిన సినిమా, మొత్తం ఖర్చు లక్షా పద్నాలుగు వేల డాలర్లని చెప్తారు. విడుదలకి ముందు పేరు మార్చారు, కొత్త పేరు అట్ట మీద కాపీరైట్ ముక్క వేయడం మరిచిపోయారు. ఆ రోజుల్లో అమెరికా చట్టం ప్రకారం ఆ ముక్క లేకపోతే హక్కే లేదు. దాంతో సినిమా అందరి సొత్తయిపోయింది. తీసినవాళ్ళకి నష్టం, మనలాంటి ప్యాకు లేనోళ్ళకి లాభం.

అందులో బెన్ అనే పాత్ర నల్లజాతి మనిషి, డ్యూయేన్ జోన్స్ వేశాడు. పాత్రని నల్లవాడిగా రాయలేదు, ఆడిషన్‌లో బాగా చేశాడని తీసుకున్నారు. రాత్రంతా శవాలు ఇంటి చుట్టూ తిరుగుతుంటే అతనే తలుపులకి చెక్కలు కొడతాడు, తెలివిగా ఆలోచిస్తాడు, ఇంట్లో తెల్లాయనతో గొడవపడి అయినా అందర్నీ కాపాడాలని చూస్తాడు. చివరికి అతనొక్కడే మిగులుతాడు. తెల్లారుతుంది. బయట షెరీఫు, తుపాకులు పట్టుకున్న ఊరి జనం, కుక్కలు. వాళ్ళు శవాల్ని కాలుస్తూ వస్తుంటారు. బెన్ కిటికీ దగ్గరికొస్తాడు. దూరం నుంచి చూసి, వీడూ దెయ్యమే అనుకుని నుదుటి మీద కాల్చేస్తారు. తర్వాత మాటల్లేవు, ఫోటోలు. కొక్కేలతో పట్టి లాగడం, కట్టెల మీద వేయడం. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు, అక్టోబర్‌లో ఈ సినిమా వచ్చింది.

మా మీట్‌లో అప్పటిదాకా చాక్లెట్ సిరప్ జోకులు. ఆ తర్వాత నిమిషం పైగా అందరి మైకులూ మౌనం. మొదట మాట్లాడింది పోడు చేసుకునే తమ్ముడే. "వాడు దెయ్యం కాదని చూడ్డానికి ఒక్క నిమిషం ఆగలే" అన్నాడు. ఇంకేం అనలేదు. వాళ్ళ పక్క ఊళ్ళో ఏం జరిగిందో మాలో చాలామందికి తెలుసు, ఇక్కడ రాయను.

చిల్లంగి మీద అవగాహన సదస్సులు చాలా చూశాను. బ్యానర్, మైకు, అరగంట ఉపన్యాసం, టీ బిస్కెట్, ఫోటో. వచ్చిన అధికారి "మూఢనమ్మకాలు విడనాడండి" అంటాడు, జనం తలూపుతారు. తప్పని అనను, ఏదీ లేకపోవడం కంటే మేలు. కానీ అక్కడ తిట్లు తినేది మన నమ్మకం, మన జనం. ఈ సినిమాలో గుంపుదే తప్పని ఎవరూ చెప్పకుండానే తెలిసింది. మనసు బెన్ వైపు రాత్రంతా నిలబడి ఉంది కాబట్టి.

మేం పాటించే పద్ధతులు కొన్ని రాస్తున్నా, మీరు మీ బ్యాచ్‌తో మొదలుపెడితే పనికొస్తాయి. తెలిసినవాళ్ళకి తప్ప లింకు ఇవ్వం. అక్కలు, చెల్లెళ్ళు ఉంటారు, ఎవరూ రికార్డు చేయకూడదు, చేస్తే ఆ రోజే బయటికి. ఎవరికైనా ఈ మధ్యే ఇంట్లో చావు జరిగితే ఆ వారం దెయ్యం సినిమా వేయం, ఏదైనా కామెడీ చూస్తాం, లేదా ఊరికే మాట్లాడుకుంటాం. చిన్నపిల్లలు పక్కన ఉంటే ఫోన్ స్పీకర్ పెట్టొద్దు. "ఆపు" అని ఎవరన్నా ఒక్కసారి అంటే ఆపాలి, ఎందుకని అడగొద్దు, పిరికి అని ఏడిపించొద్దు. ఏడిపించాలంటే ఎడ్ వుడ్ ఉన్నాడు.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఒకటుంది. సినిమాలోంచి ముక్క కోసి "నిన్న రాత్రి ఫలానా ఘాట్ రోడ్డులో కనిపించింది" అని ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పేవాళ్ళున్నారు. మనలో చదువుకున్నోళ్ళే కొందరు సరదాకి చేస్తున్నారు. ఆ ముక్క ఎవరి ఫోన్‌కి చేరుతుందో, ఆ ఊళ్ళో ఆ వారం ఎవరి పిల్ల జ్వరంతో పడుందో, పంపినోడికి తెలుసా? అట్లాంటిది మీ గ్రూపుకి వస్తే అది ఏ సినిమాలోదో వెతికి, పేరు, ఏడాది కింద రాయండి. మా బ్యాచ్‌లో ఇప్పుడు ఇది చిటికెలో పని. ఇన్ని చూశాక ముక్క చూడగానే పేరు చెప్పేస్తున్నారు. పనికిమాలిన చదువు అనుకున్నది ఇక్కడ పనికొచ్చింది.

ఊళ్ళోనే ప్రొజెక్టర్ పెట్టి నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ వేద్దామని మాలో ఒకరు పట్టుబడుతున్నారు. నేను ఇప్పుడే వద్దంటున్నా. ఆన్‌లైన్‌లో మేం ఒకరికొకరం పదేళ్ళుగా తెలుసు, ఆపు అంటే ఆగుతాం. ఊళ్ళో నూటయాభై మంది కూచుంటే, సగంలో కరెంటు పోతే, చివరి సీన్ చూడకుండా జనం ఇళ్ళకి పోతే, వాళ్ళ దగ్గర మిగిలేది లేచి తిరిగే శవాలే, బెన్ కాదు. కోయలో మాటలు చెప్పేవాడు ఉండాలి, సినిమా అయ్యాక తెల్లారేదాకా అక్కడే కూచుని మాట్లాడేవాళ్ళు నలుగురైనా ఉండాలి, ఆశా అక్క ఉంటే ఇంకా మంచిది. అవన్నీ కుదిరితే చేద్దాం. ఎవరి ఊళ్ళోనైనా అట్లాంటి నలుగురు ఉన్నారనుకుంటే నాకు చెప్పండి, సంక్రాంతి సెలవుల్లో వస్తాం.

ఈ శనివారం హౌస్ ఆన్ హాంటెడ్ హిల్, 1959. అప్పట్లో థియేటర్లో జనం తలల మీద తీగకి కట్టిన అస్థిపంజరాన్ని ఎగరేసేవాళ్ళంట. మా దగ్గర తీగ లేదు, పోడు తమ్ముడున్నాడు. ఫైలు చిన్న సైజులో పెట్టాం, కావాల్సినవాళ్ళు శుక్రవారం లోపు దించుకోండి, శనివారం రాత్రి అడిగితే ఎవరి దగ్గరా డేటా ఉండదు.